ఇంకా రాని గాలి కోసం

మైనస్ పందొమ్మిది. షెలెఫ్తియో దాటాక
నది ఒడ్డున సిక్స్‌టెన్ షెడ్డు.
హీటరు నా ఎడమకాలిని మాత్రమే పలకరిస్తోంది.
నూనెగుడ్డ విప్పి, బల్ల మీద
రెండు క్యామ్‌షాఫ్టులు పెట్టాడు ముసలాయన,
సంతలో చేపల్లా, తలలు ఒకే వైపుకి.

"చూసుకో యిల్వా" అన్నాడు.
చూస్తే ఏం తెలుస్తుంది?
రెండూ ఉక్కు గుడ్ల వరసలే.
వేలితో తడిమితే తెలిసింది:
ఒకదాని గుడ్లు బాగా తిన్నవి, మొన మొద్దు.
రెండోదానివి సన్నం,
పిసినారి ఇంటి తలుపులా
కాస్త తెరిచి చప్పున మూసేసే రకం.

లావుది మూడువందల డిగ్రీల పాటగాడు.
లోపలికొచ్చే వాల్వునీ బయటికెళ్లే వాల్వునీ
ఒకేసారి ఓరగా తీసి ఉంచుతుంది కాసేపు.
వెళ్లే పొగ పోతూ పోతూ
వచ్చే గాలిని చెయ్యి పట్టి లాక్కొస్తుంది.
ఐదువేలు దాటాక ఆ కూత వింటే
అవతలి గట్టున మేసే రెయిన్‌డీర్లు తలెత్తుతాయి.
నాకు అదే కావాలి.
పద్నాలుగో ఏటి నుంచీ అదే కావాలి.

"టర్బో ఎప్పుడు?"
"వచ్చే వసంతం."
రంపపు మిల్లులో రాత్రి షిఫ్టులు లెక్కగట్టే చెప్పాను,
ఆయన కళ్లలోకి మాత్రం చూడకుండా.
ఆలూ లేదు, చూలూ లేదు,
నేనప్పుడే డాష్‌బోర్డుకి చిల్లు పెట్టి
బూస్టు గేజీ బిగించేశాను.

సిక్స్‌టెన్ కాఫీ సాసర్లో పోసుకున్నాడు.
చక్కెర ముక్క పంటికింద పెట్టుకుని జుర్రాడు.
తర్వాతే మాట.

"టర్బో అంటే ఏమిటి,
పొగదారికి అడ్డంగా కూర్చున్న తిరగలి.
దాన్ని తిప్పాలంటే పొగ తోసుకుంటూ పోవాలి.
దారి ఇరుకైనకొద్దీ వెనక్కి తన్నుతుంది.
అప్పుడు నీ రెండు తలుపులూ తీసి ఉన్నాయనుకో,
పోవాల్సింది లోపలికే తిరిగొస్తుంది.
ఎంగిలి గాలి.
ఒకసారి మండిపోయిన గాలిని
మళ్లీ మింగితే ఇంజనుకి ఒళ్లు కాగుతుంది,
పిస్టను తల మీద సుత్తిదెబ్బలు మొదలు."

"అయితే సన్నదేనా?"
"సన్నదే. గుడ్డుకీ గుడ్డుకీ నూట పద్నాలుగు ఎడం.
గాలిని బతిమాలక్కర్లేదు, టర్బోయే కుక్కి పెడుతుంది.
కానీ..."

ఆ కానీ దగ్గర హీటరు ఆరిపోయింది.
వంగి, మూడు అగ్గిపుల్లలు తగలేసి,
వెలిగాక కూడా వంగే ఉన్నాడు.

"ఈ బల్ల దగ్గర పదకొండుమంది
వచ్చే వసంతం అన్నారు నాతో.
ఇద్దరు వచ్చారు, స్ప్రింగులు గట్టివి అడగడానికి.
మిగతావాళ్లు ఆ నీరసం బండిలోనే
పిల్లల్ని బడికి దింపుతున్నారు."
"తిట్టుకుంటున్నారా?"
"ఏమో. బండ్లు మాత్రం చెడిపోలేదు."

లావుదాన్ని ఇంకోసారి ఎత్తి చూశాను.
చల్లగా, బరువుగా, చేతిలో ఒదిగింది.
ఈ ఏడాదికి పెట్టుకుని
వచ్చే ఏడు విప్పేస్తేనో?
హెడ్ విప్పడం, గ్యాస్కెట్టు, రెండోసారి కొలతలు,
ముఖ్యంగా రెండోసారి డబ్బు.
అది కూడా కాదులే అసలు కారణం.
ఒకసారి ఆ పాట అలవాటైతే
నేను టర్బో కొనను. నన్ను నాకు తెలుసు.

సన్నది గుడ్డలో చుట్టించుకున్నాను.

ఇప్పుడు ఫిబ్రవరి.
కంప్రెషన్ కూడా ముందే తగ్గించి పెట్టాను కదా,
నా ఎనభై ఎనిమిది వోల్వో
దర్జీ మిషనులా బుద్ధిగా నడుస్తోంది.
నిన్న తపాలా వ్యాను నన్ను దాటేసి పోయింది,
పైగా హారన్ కొట్టి మరీ.
కాలు పూర్తిగా తొక్కితే
నాలుగువేల దాకా వచ్చి,
గుమ్మం దగ్గర ఏదో మరిచిపోయినదానిలా ఆగుతుంది.

షిఫ్టు దిగి తెల్లవారుజామున
వంతెన మీదుగా ఇంటికొస్తుంటే
గేజీ సూది ఎప్పుడూ సున్నాకి ఇవతలే.
ఇనుప అతుకుల మీద చక్రం పడ్డప్పుడు మాత్రం
కాస్త అదురుతుంది.

గతుకని తెలుసు.
అదిరిన ప్రతిసారీ చూస్తాను.